పరాయితనం, మూస, ముందస్తు తీర్పు

ఈ మధ్యకాలంలో సభలలోను, పత్రికలలోను ‘విద్వేషం’ అనే మాట విరివిగా వినిపిస్తున్నది. ఇల్లు అద్దెకు ఇవ్వకపోతే విద్వేషం, పొరుగు రాష్ట్రపు కూలీని తరిమికొడితే విద్వేషం, ఒకరి యాసను వెక్కిరిస్తే అదీ విద్వేషమే. మాట తప్పు కాదు. అయితే ఒళ్ళు వెచ్చబడిన ప్రతి మనిషికీ ‘జ్వరం’ అని చెప్పి పంపివేసే హకీము దగ్గరికి ఎవరూ రెండోసారి వెళ్ళరు. అది మలేరియానా, టైఫాయిడా, వడదెబ్బా అన్నది తేలితే గాని మందు తేలదు. పైగా, తనకు మలేరియా లేదని పరీక్షలో తేలిన రోగి ఇక తనకు ఏ రోగమూ లేదని ధీమాగా తిరిగే ప్రమాదం కూడా ఉన్నది. ఈ చివరి ప్రమాదం గురించే ఈ వ్యాసం. దీనికి మా స్వానుభవం ఒకటి కారణం. దానిని సందర్భం వచ్చినప్పుడు మనవి చేస్తాము.

ఈ అంశం చేపట్టగానే పాఠకులు మా నుంచి ఏమి ఆశిస్తారో మాకు తెలుసు. హైదరాబాదు అపార్టుమెంట్ల గేట్లకు వేలాడే ‘శాకాహారులకు మాత్రమే’ అనే బోర్డుల గురించి, పేరు వినగానే మాట మార్చే ఇంటి యజమానుల గురించి వ్రాస్తామని ఆశిస్తారు. అవి ఉన్నవి, బాధాకరమైనవి. వాటి గురించి మనలో మనం చాలాసార్లు మాట్లాడుకున్నాము. ఈసారి అద్దాన్ని ఇటు తిప్పుదాము.

మూడు రుగ్మతలను వేరుచేసి చూడవలసి ఉన్నది. మొదటిది పరాయివారి పట్ల భయంతో కూడిన ద్వేషం. ఇంగ్లీషు చదివినవారు దీనిని జీనోఫోబియా అంటారు. ‘జెనోస్’ అనే గ్రీకు పదానికి పరాయివాడు అనే అర్థంతో పాటు అతిథి అనే అర్థం కూడా ఉన్నదట. గుమ్మంలో నిలబడినవాడు ఒక్కడే, అతడిని ఏమని పిలవాలన్నది లోపలివాడి చేతిలో ఉన్నది. రెండవది స్టీరియోటైప్. ఇది అచ్చు యంత్రశాలలో పుట్టిన మాట. పేర్చిన అక్షరాల పుటకు మూస తీసి, అందులో లోహం పోసి ఒకే పలకగా చేస్తే, దానితో ఎన్ని వేల ప్రతులైనా తీయవచ్చును. కాని అందులో ఒక్క అక్షరం తప్పు ఉన్నదని తెలిసినా దిద్దడం అంత సులభం కాదు. 1922లో వాల్టర్ లిప్‌మన్ అనే అమెరికా పాత్రికేయుడు, మనుషుల గురించి మన తలలో ముందే అచ్చయి ఉండే బొమ్మలకు ఈ పేరు వాడుకలోకి తెచ్చారు. మూడవది ప్రెజుడిస్. లాటినులో దాని మూలార్థం ముందస్తు తీర్పు. సాక్షులను పిలవకముందే ఖాజీ మనసులో ఖరారైపోయిన తీర్పు అన్నమాట. ఇక్కడ మనం మాట్లాడేది న్యాయస్థానంలోని తీర్పు గురించి కాదు. వంటింట్లో, పెళ్ళిచూపుల్లో, దస్తర్‌ఖాన్ చుట్టూ, తరగతి గదిలో రోజూ వెలువడే చిన్న చిన్న తీర్పుల గురించి.

మూడింటినీ విడదీయడానికి మా విద్యార్థులకు మేము చెప్పే పరీక్ష సులభమైనది. ఎదుటి మనిషి నుంచి అది ఏమి కోరుతున్నదో చూడమంటాము. మూస మాటకు ఎదుటివాడి నుంచి ఏమీ అక్కరలేదు, అతడి గురించి తనకు అంతా తెలుసునని దాని నమ్మకం. నిత్యజీవితపు చులకనభావం ఎదుటివాడు ఒక మెట్టు కింద కూర్చోవాలని కోరుతుంది, కూర్చుంటే అతడితో కలిసి భోజనం కూడా చేస్తుంది. పరాయిద్వేషం మాత్రం అతడు అసలు ఇక్కడ ఉండకూడదని కోరుతుంది.

ఈ చివరిదానికి మన తెలుగువారికి బాగా తెలిసి ఉండవలసిన, కాని నేటి తరానికి దాదాపుగా తెలియని ఉదాహరణ ఒకటి ఉన్నది. అది రంగూను నగరం. కాకినాడ దగ్గర గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి అనే పాత ఓడరేవు ఉండేది. ఆ తీరం నుంచి, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కూలీలు ఓడలెక్కి బర్మాకు వెళ్ళేవారు. అక్కడ వారికి కోరంగీలు అని పేరు. ఓడలలో బియ్యపు బస్తాలు ఎక్కించినవారు, మిల్లులలో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు, మరుగుదొడ్లు శుభ్రం చేసినవారు వీరే. భారతీయులందరికీ కలిపి బర్మా ప్రజలు వాడిన మాట ‘కలా’. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే. సొంత రాజధానిలో తాము మైనారిటీ కావడం బర్మా వారికి ఎంత బాధాకరమో మనం ఊహించుకోగలము. ఆ బాధను అబద్ధమనడం న్యాయం కాదు.

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ సరుకుల కాంట్రాక్టర్లు వారి స్థానంలో బర్మా కూలీలను పనిలోకి తీసుకున్నారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు మళ్ళీ పనిలోకి రాగానే, ఎప్పటిలాగే పనికి వచ్చిన బర్మా కూలీలకు ఇక మీతో పనిలేదు పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన ఘర్షణ రోజుల తరబడి నగరమంతా వ్యాపించింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు తెలుగు కూలీలు. పనిలో పెట్టుకున్నవాడు కాంట్రాక్టరు, తీసివేసినవాడు కాంట్రాక్టరు, కత్తివేటు తిన్నవాడు మాత్రం పక్కన బస్తా మోస్తున్న మరో పేదవాడు. ఇదే పరాయిద్వేషపు నడక. ఆ తరువాతి సంవత్సరాలలో ధాన్యపు ధరలు పడిపోయి, దక్షిణ బర్మాలోని ప్రధాన వరి జిల్లాలలో దాదాపు నాలుగో వంతు భూమి అప్పుల కింద తమిళనాటి చెట్టియార్ల చేతికి పోయింది. రైతు కోపం న్యాయమైనదే. కాని చెట్టియారు కొట్టు చాలా దూరం, దానికి తాళం, కాపలా ఉంటాయి. అదే రంగు మొహం గల కూలీవాడు వీధిలోనే దొరుకుతాడు. 1938లో కోపం మరో మలుపు తీసుకున్నది. ఒక గ్రంథంలో బౌద్ధధర్మాన్ని అవమానించారన్న ప్రచారంతో జూలైలో మొదలైన అల్లర్లలో ఈసారి ముఖ్యంగా భారతీయ ముస్లింలే గురి అయ్యారు. అప్పు ఇచ్చినవారిలో ముస్లింలు ఎందరు, రేవు కాంట్రాక్టర్లలో ఎందరు అని ఎవరూ లెక్కలు అడగలేదు.

1942లో జపాను సేనలు వచ్చేసరికి నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచి బయలుదేరారు. ఓడ దొరికినవారు ఓడలలో, దొరకనివారు అరకాను కొండల మీదుగా, మణిపురం అడవుల మీదుగా కాలినడకన. దారిలో ఆకలితో, కలరాతో, మలేరియాతో రాలిపోయినవారు వేలల్లో ఉన్నారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలను జాతీయం చేసినప్పుడు మిగిలినవారిలో లక్షలమంది తిరిగి వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు అలా వచ్చినదే. అక్కడి పెద్దలను అడిగితే తాము పుట్టిన వీధి పేరు ఇప్పటికీ బర్మా భాషలో చెబుతారు.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పరిచయం పెరిగితే ద్వేషం తగ్గుతుందని సాధారణంగా అంటారు. మూస మాట విషయంలో అది చాలావరకు నిజమే. కాని రంగూనులో కోరంగీలు, బర్మావారు ఒకరికొకరు కొత్తవారు కారు. తరాల తరబడి పక్కపక్కనే బ్రతికినవారు. బర్మా స్త్రీలను వివాహమాడిన భారతీయ ముస్లింలు, వారి సంతానం అక్కడ ఎందరో ఉండేవారు. పరిచయం వారిని రక్షించలేదు. పరాయిద్వేషం తెలియనితనం మీద కాక, పోగొట్టుకుంటామన్న భయం మీద బ్రతుకుతుంది. కనుక దానికి మందు కలిసి టీ త్రాగడం మాత్రమే కాదు. పనికి, భూమికి, పౌరసత్వానికి సంబంధించిన న్యాయం కూడా కావాలి.

మదీనాలో జరిగిన సంఘటన ఇదే సత్యాన్ని చెబుతున్నది. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి తిరిగివచ్చే సందర్భంలో ఒక నీటి బావి దగ్గర ఇద్దరు మనుషులు తగవుపడ్డారు. ఒకరు మక్కా నుంచి వలస వచ్చిన వర్గానికి, మరొకరు మదీనా వర్గానికి చెందినవారు. నీళ్ళ కోసం వచ్చిన చిన్న తగవు అది. ఒకడు ముహాజిర్లను పిలిచాడు, మరొకడు అన్సార్లను పిలిచాడు. దైవప్రవక్త (స) ఆ రెండు పిలుపులనూ అజ్ఞానకాలపు పిలుపులని, కంపుకొట్టే ఆ మాటలను వదిలిపెట్టమని మందలించారు. అక్కడితో ఆగలేదు. అబ్దుల్లాహ్ బిన్ ఉబయ్ అనే కపటుల నాయకుడు ఆ అవకాశాన్ని అందుకున్నాడు. మన ఊరికి వచ్చి మన తిండి తిని మన మీదనే ఎదుగుతున్నారని, వారికి ఖర్చుపెట్టడం మానివేస్తే వారే చెల్లాచెదురవుతారని, మదీనా చేరగానే గౌరవనీయులు అధములను వెళ్ళగొడతారని అతడు అన్న మాటలను సూరా అల్ మునాఫిఖూన్ బయటపెట్టింది. ఈ మనిషి వెనుక కథ తెలిస్తే అతడి ద్వేషం అర్థమవుతుంది. దైవప్రవక్త (స) మదీనా రాకకు ముందు ఆ ఊరివారు ఇతడికి కిరీటం పెట్టడానికి సిద్ధమవుతున్నారు. వలస వచ్చినవారి వల్ల పోయింది ఇతడి రొట్టె కాదు, సింహాసనం. కాని జనంతో మాట్లాడింది మాత్రం రొట్టె గురించే.

అప్పుడు దైవప్రవక్త (స) చేసిన పని మీద మేము ప్రతి సంవత్సరం తరగతిలో చాలాసేపు ఆగుతాము. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. మామూలుగా ప్రయాణించని వేళలో సైన్యాన్ని బయలుదేరదీసి పగలంతా, రాత్రంతా, మరునాడు ఎండ మండే వరకు నడిపించారు. ఆగమన్న వెంటనే అందరూ నేల మీద ఒరిగి నిద్రపోయారు. పుకారుకు నోళ్ళు దొరకలేదు. వదంతి వ్యాపించే గంటలు ఎంత విలువైనవో రంగూను పాలకులకు ఆ పాఠం తెలిసి ఉంటే ఎంత బాగుండేది.

పక్కదారి అయినా ఒక మాట చెప్పుకోవాలి. స్థానికులు తమ హక్కు అడగటమంతా పరాయిద్వేషం కాదు. హైదరాబాదు రాష్ట్రపు ముల్కీ సమస్యనే చూడండి. సాలార్‌జంగ్ కాలం నుంచి మొహసినుల్ ముల్క్, విఖారుల్ ముల్క్ వంటి ఉత్తరాది విద్యావంతులు పెద్ద పదవులలోకి వచ్చినప్పుడు ‘గైర్ ముల్కీ’ అనే మాట మొదట వారినే ఉద్దేశించింది. అంటే ముస్లిం అధికారుల మీద ముస్లింలు కూడా చేసిన ఫిర్యాదు అది. 1919 నాటి నిజాం ఫర్మానా ముల్కీలకు ఉద్యోగాలలో రక్షణ కల్పించింది. అది హక్కు. 1952లో కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులకు వ్యతిరేకంగా హైదరాబాదు విద్యార్థులు వీధులకెక్కినప్పుడు వారి కోర్కె అదే హక్కు. సెప్టెంబరులో పోలీసు కాల్పులలో ప్రాణాలు కూడా పోయాయి. కాని ఆ ఊరేగింపులలో ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అనే నినాదం కూడా వినిపించేదని మా పెద్దలు చెప్పేవారు. ఉద్యోగం గురించి మొదలైన వాక్యం తిండి దగ్గర ముగిసింది. హక్కు ఎక్కడ ఆగి ద్వేషం ఎక్కడ మొదలయ్యిందో ఆ నినాదంలో వేలు పెట్టి చూపవచ్చును.

ఇక నిత్యజీవితపు చులకనభావం. దీనికి రంగూను దాకా పోనక్కరలేదు. మేము పదిహేడేళ్ళ వయసులో ఉత్తరాదిలోని ఒక పెద్ద మదరసాలో చేరినప్పుడు మా నోట ‘హౌ’, ‘నక్కో’ అనే దక్కనీ మాటలు రాగానే గది అంతా నవ్వేది. ‘ఖాఫ్’ అక్షరాన్ని మనవారు ‘ఖే’గా పలకడం వారికి ఎడతెగని వినోదం. ఒక సహాధ్యాయి, ఎంతో మంచివాడు, మేము జ్వరపడినప్పుడు రాత్రంతా మేల్కొని సేవ చేసినవాడు, ఆరోగ్యం కుదుటపడ్డాక మా ఉచ్చారణను అనుకరించి మిత్రులను నవ్వించేవాడు. అతడికి మా మీద ద్వేషం లేదు. మేము అక్కడినుంచి వెళ్ళిపోవాలని అతడు కోరలేదు. మేము ఉండాలి, కాని నవ్వించే స్థానంలో ఉండాలి. ఆ ఆరేళ్ళలో మేము దక్కనీని పూర్తిగా విడిచి శుద్ధమైన ఉర్దూ అలవరచుకున్నాము. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మీ మా మాట విని, “ఎవరింటి బిడ్డవురా నువ్వు?” అని అడిగిన రోజు ఇంకా గుర్తున్నది.

ఆ నవ్వు తిన్నవారము కదా, మేము మరొకరిని చూసి నవ్వలేదా అంటే, నవ్వాము. మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో దూదేకుల సోదరులు ఉన్నారు. నూర్‌బాషాలని కూడా అంటారు. దూది ఏకడం వారి వృత్తి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. వారి గురించి ఉర్దూ మాట్లాడే మన కుటుంబాలలో చెలామణి అయ్యే సామెతలను ఇక్కడ వ్రాయడానికి కలం రాదు. ఉర్దూ రానంత మాత్రాన ఇస్లాం తక్కువైనట్టు, ఖుర్ఆన్ ఉర్దూలో దిగివచ్చినట్టు మన ప్రవర్తన ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం మా బంధువుల ఇంట్లో ఒక సంబంధం మాటల దాకా వచ్చింది. అబ్బాయి హాఫిజ్, ప్రభుత్వ ఉపాధ్యాయుడు, అయిదు పూటల నమాజు వదలనివాడు. అన్నీ కుదిరాయి. చివరకు అమ్మాయి నానీమా ఒక్క మాట అన్నారు, వాళ్ళింట్లో ‘అమ్మా’ అని పిలుస్తారటగా అని. సంబంధం అక్కడితో తెగిపోయింది. సలహా కోసం మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టినవారే వారు. ధర్మం ప్రకారం చూడవలసింది దీనదారీ కదా అని మేము ఆ గదిలో అనవలసింది. పెద్దావిడ మాటకు ఎదురు చెప్పడం ఎందుకని, టీ తాగి లేచి వచ్చాము. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఈ రుగ్మత లక్షణమే అది. ఇది గొంతు పెంచదు.

హజ్రత్ అబూజర్ (రజి) అంతటి సహాబీకి కూడా ఇది ఒకసారి తగిలింది. ఒక వ్యక్తితో మాటా మాటా పెరిగినప్పుడు ఆయన అతడి తల్లి జాతిని ఎత్తి చూపి ఎగతాళి చేశారు. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని కొన్ని ఉల్లేఖనాలు. సంగతి తెలిసిన దైవప్రవక్త (స), ఆయనలో ఇంకా అజ్ఞానకాలపు జాడ మిగిలి ఉన్నదని అన్నారు. అవిశ్వాసి అనలేదు, కపటి అనలేదు. మంచి మనిషిలోనే ఆ జాడ మిగిలి ఉంటుందన్నమాట. సహీహ్ బుఖారీలో ఈ హదీసు మొదలయ్యే తీరు చూడండి. అబూజర్ (రజి) వృద్ధాప్యంలో రబదా అనే చోట ఉంటున్నారు. తాను తొడిగిన దుస్తులవంటివే తన సేవకుడికి కూడా తొడిగించారు. ఇదేమిటని ఎవరో అడిగితే ఆయన పాత సంఘటనను చెప్పారు. ఎన్నో ఏళ్ళు గడిచినా ఆయన దానిని దాచుకోలేదు.

సూరా అల్ హుజురాత్ 11, 12, 13 ఆయతులను వరుసగా చదివినప్పుడు మాకు ఒక విషయం తోస్తుంది. 11వ ఆయతు ఎగతాళిని, చెడ్డ మారుపేర్లను నిషేధిస్తుంది. 12వది అనుమానాలను, ఆరాలను, పరోక్ష నిందను నిషేధిస్తుంది. జాతులు, తెగల ప్రస్తావన 13వ ఆయతులో గాని రాదు. వంటింటి నవ్వుతో మొదలై అనుమానం మీదుగా జాతుల దాకా వెళుతుంది వరుస. ఇది తఫ్సీర్ పండితులు చెప్పిన మాట కాదు, తరగతి గదిలో మాకు తోచినది మాత్రమే. పొరపాటైతే అల్లాహ్ మన్నించుగాక.

మొదట వాగ్దానం చేసిన స్వానుభవం దగ్గరికి ఇప్పుడు వస్తున్నాము.

సూరా అన్‌నిసా 105వ ఆయతు నుంచి వచ్చే భాగం వెనుక ఒక దొంగతనం ఉన్నది. వివరాలలో ఉల్లేఖనాలు కొంత భిన్నంగా ఉన్నా, ప్రసిద్ధమైన కథనం ఇది. మదీనాలో బనూ జఫర్ వంశానికి చెందిన తుఅమా అనే వ్యక్తి పొరుగువాడి కవచాన్ని పిండి సంచిలో పెట్టి దొంగిలించాడు. సంచికి చిల్లు ఉండి దారి పొడుగునా పిండి రాలింది. భయపడి ఆ కవచాన్ని ఒక యూదుని దగ్గర ఉంచాడు. సొత్తు యూదుని ఇంట్లో దొరికింది. తుఅమా వంశీయులు కట్టకట్టుకుని వచ్చి తమవాడు నిర్దోషి అని వకాల్తా పుచ్చుకున్నారు. ముస్లింల మాటకు ఎదురుగా ఒంటరి యూదుని మాట. అప్పుడు వహీ దిగి ఆ యూదుడిని నిర్దోషిగా నిలబెట్టింది. తన పాపాన్ని అమాయకుడి మీద వేసేవాడు ఎంతటి భారాన్ని తలకెత్తుకుంటున్నాడో హెచ్చరించింది. యూదులతో రాజకీయ వైరం ఉన్న కాలంలో, ఒక యూదుని పరువు కోసం దిగిన ఆయతులు ప్రళయం వరకు నమాజులలో పారాయణమవుతూ ఉంటాయి. ఈ భాగాన్ని మేము ఇరవై ఏళ్ళుగా బోధిస్తున్నాము.

రెండేళ్ళ క్రితం మా మదరసాలో బాలాపూర్ నుంచి వచ్చిన ఒక రోహింగ్యా బాలుడు చేరాడు. పన్నెండేళ్ళవాడు. హైదరాబాదులో బాలాపూర్, దాని చుట్టుపక్కల బస్తీలలో కొన్ని వేలమంది రోహింగ్యాలు రేకుల గుడిసెలలో ఉంటున్న సంగతి పాఠకులకు తెలిసినదే. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం వారిని ఆ దేశపు జాతుల జాబితా వెలుపల వదిలివేసింది. 2012లో, మరల 2017 ఆగస్టు తరువాత జరిగిన దారుణాలలో ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అక్కడ వారిని తరిమినవారు పిలిచిన పేరు ‘కలా’. ఒకప్పుడు కోరంగి తెలుగు కూలీని పిలిచిన పేరే. మేము ఆ బాలుడికి ఫీజు లేకుండా సీటు, భోజనం, పడక ఇచ్చాము. వారి జాతి కోసం ఎన్నో జుమాలలో దుఆ చేశాము, కంటతడి పెట్టాము కూడా. మాలో పరాయిద్వేషం లేదని మాకు గట్టి నమ్మకం.

షాబాన్ నెలలో ఒక రోజు, ఆఫీసు బీరువాలో ఉంచిన మెస్సు డబ్బు 4,200 రూపాయలు కనిపించలేదు. అసర్ నమాజు తరువాత మేము ఆ బాలుడిని పిలిపించాము. దొంగ అనలేదు. కొట్టలేదు. “బేటా, నువ్వేమైనా చూశావా?” అని మాత్రమే అడిగాము. తల అడ్డంగా ఊపాడు. అతడి పెట్టెను ఒకసారి తీసి చూపమన్నాము. రెండు కుర్తాలు, ఒక తువ్వాలు, శరణార్థి కార్డు జిరాక్సు, సగం అరిగిన సబ్బు. అరవైమంది పిల్లలున్న వసతిగృహంలో మేము తెరిపించినది ఆ ఒక్క పెట్టె. మూడో రోజున మా తోటి ఉపాధ్యాయులు ఒకరు ఊరినుంచి తిరిగి వచ్చి, గ్యాసు సిలిండర్ల బాకీ ఆ డబ్బుతోనే కట్టానని, రిజిస్టరులో వ్రాయడం మరచిపోయానని చెప్పారు. ఆ సాయంత్రమే లెక్క సరిచేశాము. అంతకు ముందురోజే బాలుడి తండ్రి వచ్చి, సలాం చెప్పి, మరే మాటా మాట్లాడకుండా పెట్టె ఎత్తుకుని కొడుకును తీసుకువెళ్ళాడు. చిత్తు కాగితాలు, ప్లాస్టిక్కు వేరు చేసే పని అతడిది.

మేము చాలా రోజులు మమ్మల్ని మేము సమర్థించుకున్నాము. జాగ్రత్త కోసం అడిగాము, ఇందులో తప్పేమిటి? వారి మీద మాకు ద్వేషమే ఉంటే అసలు చేర్చుకునేవారమా? ఇక్కడే మోసపోయాము. ద్వేషం లేదన్నది నిజం. కాని తలలో ఒక పలక పోతపోసి ఉన్నది. బస్తీ పిల్లవాడు, తిండికి లేనివాడు, ఎక్కడినుంచో వచ్చినవాడు అని అందులో అచ్చయి ఉన్నది. డబ్బు కనిపించని క్షణంలో ఆ పలక దానంతట అదే అచ్చు కొట్టింది. ఒక రోగం లేదన్న ధీమా రెండో రోగాన్ని కనబడనివ్వలేదు. అతడి జాతి కోసం మేము చేసిన దుఆలే మాకు సాక్ష్యపత్రాలుగా అనిపించాయి.

ఈద్ గడిచిన నాలుగు నెలలకు గాని బాలాపూర్ వెళ్ళే ధైర్యం రాలేదు. గుడిసె కనుక్కోవడానికి ఒక పూట పట్టింది. తండ్రి మమ్మల్ని చూడగానే లేచి, ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీని తుడిచి వేశాడు. పొరుగింటినుంచి పాలు తెప్పించి టీ పెట్టించాడు. మేము క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో ఆలోచిస్తుండగా, అతడే తనకు వచ్చిన ఉర్దూలో అడిగాడు.

“హజ్రత్, ఆ డబ్బు దొరికిందా?”

మేము నిర్ఘాంతపోయాము. మూడో రోజునే లెక్క తేలింది. రిజిస్టరులో వ్రాశాము, ఉపాధ్యాయులందరికీ చెప్పాము, వంటమనిషికి కూడా చెప్పాము. ఈ ఇంటికి మాత్రం ఎవరూ కబురు చేయలేదు. చేయాలని మాకు తోచనే లేదు. ఇన్ని నెలలుగా ఈ మనిషి తన కొడుకు పేరు మీద ఆ 4,200 ఇంకా మిగిలి ఉన్నదనుకుంటూ బ్రతికాడు. దొరికిందని, పొరపాటు మాదని చెప్పాము. అతడు “అల్‌హందులిల్లాహ్” అని లోపలికి తిరిగి భార్యతో తమ భాషలో ఏదో అన్నాడు. ఆమె తెర వెనుకనుంచి ఏమీ అనలేదు.

బాలుడిని పిలిచారు. వచ్చి సలాం చెప్పి మా చేతిని కళ్ళకు అద్దుకున్నాడు. తిరిగి రమ్మని అడిగాము. ఇక్కడి మక్తబ్‌లోనే బాగుందన్నాడు. మా దగ్గర ఉన్నప్పుడు పన్నెండో పారాలో ఉన్నాడు, ఇప్పుడు పదిహేడోది కంఠస్థం చేస్తున్నాడట. వినిపించమంటే కొంచెం సేపు నిలబడి, మగ్రిబ్ అయ్యాక ఉస్తాదుకు వినిపించాలని చెప్పి బయటికి వెళ్ళాడు.